పెట్టె మీది అంకె నమ్మకండి: పిల్లలకి టెలిస్కోపు, మైక్రోస్కోపు చూపించడం ఎలా

సంక్రాంతి సెలవులకి మా చెల్లి పిల్లలిద్దరూ శ్రీకాకుళం వస్తున్నారంటే ఒక పెట్టె తెప్పించాను. టెలిస్కోపు, మైక్రోస్కోపు రెండూ అందులోనే. అట్ట మీద బొమ్మలో శని వలయం పళ్లెమంత ఉంది, పక్కన ఎర్ర అక్షరాల్లో ‘1200 రెట్లు’. మొదటి రాత్రి డాబా మీద కూర్చుని, అన్నిటికంటే పెద్దగా చూపించే ఐపీసు (కన్ను ఆనించి చూసే చిన్న లెన్సు) పెట్టి ముప్పావుగంట వెతికాను. కంటికి ఎదురుగా కనబడుతున్న చంద్రుడు గొట్టంలోకి మాత్రం రాలేదు. చిన్నది చాప మీదే నిద్రపోయింది. పెద్దాడు మర్యాదస్తుడు. ‘మావయ్యా, ఏటీ కనిపించట్లేదు, పడుకోనా?’ అనడిగాడు.

తప్పు సగం పెట్టెది, సగం నాది. మీ ఇంట్లో మొదటి రాత్రి అలా పోకూడదని ఇది రాస్తున్నాను.

ముందు అంకెలు చదవండి

టెలిస్కోపు గొట్టం మీద ఎక్కడో 50, 360 అని రెండు అంకెలుంటాయి. మొదటిది ముందు లెన్సు వెడల్పు, రెండోది దాని ఫోకల్ దూరం, అంటే లెన్సు నుంచి వెలుగు ఒక్కచోటికి చేరే దూరం. రెండూ మిల్లీమీటర్లలో. ఐపీసుల మీద 20 అనో, 6 అనో ఉంటుంది. 360ని 20తో భాగిస్తే 18. అంటే 18 రెట్లు దగ్గరగా కనిపిస్తుంది. 6తో భాగిస్తే 60. ఈ లెక్క పిల్లల చేతే చేయించండి, భాగహారం ఎందుకు పనికొస్తుందని వాళ్లు మళ్లీ అడగరు.

ముందు లెన్సు ఎన్ని మిల్లీమీటర్లుంటే దానికి రెట్టింపు దాకా పెంచొచ్చని ఒక లెక్క ఉంది. 50కి 100 అన్నమాట. అది మంచి లెన్సుకి, కదలని స్టాండుకి. మన పెట్టెలోని స్టాండు మీద 60 దాటితే వచ్చేది మసకే. చిన్నబుచ్చుకోకండి. 1610 జనవరిలో గురుడి చుట్టూ తిరిగే చందమామల్ని గెలీలియో చూసిన గొట్టం కూడా ఇరవై రెట్ల చుట్టుపక్కలదే.

మైక్రోస్కోపు మీది 1200 సంగతి ఇంకా అన్యాయం. కాలేజీ ల్యాబుల్లో నూనె చుక్క వేసి చూసే మంచి మైక్రోస్కోపుకే వెయ్యి రెట్ల దగ్గర హద్దు వచ్చేస్తుంది. ప్లాస్టిక్ బొమ్మకి 1200 ఎక్కడి నుంచి వస్తుంది? దాంట్లో పనికొచ్చేది అన్నిటికంటే చిన్న పవరు, మహా అయితే 100. మిగతావి ఉన్నాయని మర్చిపోండి.

ఇంకా కొనకపోతే ఒక మాట. రెండూ కలిపిన పెట్టెలో రెండూ కాస్త నాసిగానే వస్తాయి. లెన్సు గాజుదని రాసి ఉన్నది, గొట్టం వెడల్పు 50కి తగ్గనిది చూసుకోండి. నన్నడిగితే ఆకాశానికి మామూలు బైనాక్యులరే మేలు. కానీ పిల్లలకి స్టాండు, గొట్టం, తిప్పే మరలు ఉంటేనే సంబరం, అది నాకూ తెలుసు.

పగలే బిగించండి, సూర్యుడి జోలికి పోకండి

పెట్టె రాత్రిపూట విప్పకండి. మరలన్నీ చీకట్లో డాబా తూములోకి దొర్లిపోతాయి. పొద్దున్నే విప్పండి, ఎండ వెనకవైపు ఉండేలా నీడలో కూర్చోండి.

ఇక్కడ కాసేపు ఆగాలి. టెలిస్కోపుతో సూర్యుణ్ణి చూడకూడదు. ఒక్క క్షణం కూడా. భూతద్దం కింద కాగితం ఎలా కాలుతుందో పిల్లలకి తెలుసు. 50 మిల్లీమీటర్ల లెన్సు మన కంటిపాప కంటే వందల రెట్ల వెలుగుని పోగుచేసి ఒకే చోట గుచ్చుతుంది. కంటి లోపలి పొర కాలినప్పుడు నొప్పి కూడా తెలియదు, అదే పెద్ద ప్రమాదం. కొన్ని పెట్టెల్లో ఐపీసుకి బిగించే చిన్న నల్ల ఫిల్టరు ఇస్తారు, ‘సన్’ అని రాసి ఉంటుంది. దాన్ని పిల్లల కంట పడకముందే చెత్తలో వేయండి. వేడికి అది ఫట్‌మని పగులుతుంది, అప్పుడు కన్ను దాని వెనకే ఉంటుంది. మన జిల్లాలో కళ్లు బాగుండాలని అరసవల్లి వెళ్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంటాం. ఆయనకి నమస్కారం చాలు, గొట్టం అక్కర్లేదు. పగలు వాడినంతసేపూ పెద్దవాళ్లొకరు పక్కనే ఉండండి, లేచి వెళ్లేటప్పుడు ముందు లెన్సుకి మూత పెట్టి మరీ వెళ్లండి.

ఇప్పుడు బిగింపు. స్టాండు, దాని మీద గొట్టం, వెనకాల అద్దమున్న వంపు ముక్క, అందులో 20 ఐపీసు. దూరంగా కదలని వస్తువు ఒకటి ఎంచుకోండి. విజయనగరం వాళ్లకి గంటస్తంభం గడియారం ఉండనే ఉంది. మాకు సెల్ టవరు. ఫోకస్ చక్రాన్ని ఒక చివరి నుంచి రెండో చివరి దాకా మెల్లగా తిప్పుకుంటూ వస్తే మధ్యలో ఎక్కడో బొమ్మ తేటపడుతుంది. వంపు ముక్కతో చూస్తే బొమ్మ నిటారుగానే ఉంటుంది గాని కుడి ఎడమలు తారుమారవుతాయి. అది లేకుండా చూస్తే తలకిందులు. చెడిపోయిందని వెనక్కి పంపకండి, దాని పద్ధతే అంత.

గొట్టం పైన ఇంకో చిన్న గొట్టమో, రెండు చిల్లులో ఉంటాయి, గురి చూడ్డానికి. పెద్ద గొట్టంలో టవరు కొన మధ్యకి వచ్చాక, చిన్నదాంట్లో కూడా అదే కొన మధ్యకి వచ్చేలా దాని మరలు సర్దండి. నేను చేయనిది ఇదే. ఈ పది నిమిషాల పని పగలు చేసుంటే ఆ రాత్రి ముప్పావుగంట మిగిలేది.

స్టాండుతో గొడవ

లెన్సు కంటే ఏడిపించేది స్టాండు. ముట్టుకుంటే వణుకుతుంది, ఊపిరి వదిలితే వణుకుతుంది. రెండు ఉపాయాలున్నాయి. కాళ్లు పొడుగ్గా లాగకండి. పొట్టిగా ఉంచి పిట్టగోడ మీదో, సిమెంటు గట్టు మీదో పెట్టి, చూసేవాళ్లు కుర్చీలో కూర్చోండి. రెండోది, మూడు కాళ్ల మధ్య నుంచి ఒక సంచీ వేలాడదీసి అందులో కిలో రెండు కిలోల ఇసుక పోయండి. బరువుకి వణుకు సగం చస్తుంది. మంచం మీద, చెక్క బల్ల మీద పెడితే ఎవరు అటూ ఇటూ నడిచినా చంద్రుడు గంతులేస్తాడు.

పిల్లలకి ఒకే నియమం పెట్టండి: చూసేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకోవాలి. మా చిన్నది మొదట రెండు చేతులతో గొట్టాన్ని కౌగిలించుకునేది.

చంద్రుడు, చవితి నుంచి దశమి దాకా

మొదటిసారి చంద్రుడే. కానీ పౌర్ణమి నాడు కాదు. అప్పుడు వెలుగు నిండుగా ఎదురు నుంచి పడి గుంతలకి నీడలుండవు, తెల్లటి అప్పడంలా ఉంటుంది. గోడ మీది తెలుగు క్యాలెండర్ తీసి శుక్లపక్షం చవితి నుంచి దశమి మధ్యలో మబ్బులేని సాయంత్రం చూసుకోండి. అష్టమి అన్నిటికంటే మంచిది. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర చూడండి. సాయంత్రం ఎండకి రోడ్డు మీది గులకరాయి కూడా పొడుగు నీడ వేసినట్టు, అక్కడి గుంతల అంచులు నల్లగా తేలి వస్తాయి. మా అమ్మ చాలాసేపు రానంది, మోకాళ్ల నొప్పులు. తీరా వచ్చి కన్ను పెట్టి, ‘ఓలమ్మా, సెందురుడి మొకం అమ్మోరు పోసినట్టున్నాదేట్రా!’ అంది. అంతకంటే బాగా వర్ణించినవాళ్లని నేను చూడలేదు.

20 ఐపీసుతో చంద్రుణ్ణి మధ్యకి తెచ్చాకే 6 ఐపీసు మార్చండి. ఎప్పుడైనా వరస అదే: చిన్నదాంతో పట్టుకుని, పెద్దదాంతో చూడటం. మార్చాక చంద్రుడు పక్కకి జారిపోతుంటాడు, పిల్లలు పారిపోతున్నాడని కేకలేస్తారు. జరుగుతున్నది మనం. భూమి తిరుగుడుకి చంద్రుడు తన వెడల్పంత దూరం జరగడానికి సుమారు రెండు నిమిషాలు పడుతుంది. ఫోన్లో టైమర్ పెట్టి కొలిపించండి.

జెండా కనిపిస్తుందా అని తప్పకుండా అడుగుతారు. కనిపించదు, భూమ్మీద ఉన్న ఏ టెలిస్కోపుకీ కనిపించదు. కానీ 1969 జులై 20న అపోలో 11 దిగిన ప్రశాంతి సాగరం నల్లటి మచ్చగా స్పష్టంగా తెలుస్తుంది. 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 దిగిన చోటు దక్షిణపు అంచుకి దగ్గర్లో ఉంటుంది. వేలు పెట్టి చూపలేం గాని ‘ఆ వైపు’ అని చెప్పొచ్చు.

ఒక చిట్కా. ‘కనిపించిందా?’ అని అడగకండి. పెద్దవాళ్లని సంతోషపెట్టడానికి పిల్లలు కనిపించిందనేస్తారు. ‘ఏం కనిపించిందో గీసి చూపించు’ అనండి. మా పెద్దాడు మొదటి రోజు గీసింది వాడి కనురెప్ప వెంట్రుకలు.

చంద్రుడి తర్వాత

గురుడు కనిపించే నెలల్లో 18 రెట్లతోనే చిన్న గుండ్రటి బిళ్ల, దాని పక్కన ఒకే గీత మీద రెండు నుంచి నాలుగు చుక్కలు కనిపిస్తాయి. మర్నాడు అదే వేళకి మళ్లీ చూసి గీయిస్తే చుక్కలు చోటు మారి ఉంటాయి. అన్నిటికంటే లోపలిదైన అయో రెండు రోజులు తిరక్కుండానే ఒక చుట్టు తిరిగేస్తుంది. శని వలయం 60 రెట్లకి చెవులున్న ధాన్యపు గింజలా ఉంటుంది, పెట్టె మీది పళ్లెంలా కాదు. 2025 మార్చిలో ఆ వలయం మనకి అంచుగా తిరిగి గీతలా సన్నబడింది, అక్కణ్ణుంచి ఏటేటా మెల్లగా విచ్చుకుంటుంది. ఏ గ్రహం ఏ దిక్కునుందో ఫోన్లో స్టెల్లేరియం అనే యాప్ చెబుతుంది.

నక్షత్రాలు ఎంత పెంచినా చుక్కలే. బిళ్లలా పెద్దగా కనిపించిందంటే ఫోకస్ తప్పిందని అర్థం. కానీ పిల్లలకోడి చూపించండి, అదే కృత్తికలు. మామూలు కంటికి ఆరేడుంటే గొట్టంలో పదుల కొద్దీ పిల్లలు. కార్తీక మాసానికి ఆ పేరు కృత్తికల వల్లే వచ్చింది. ఆ పౌర్ణమికి చంద్రుడు వాటి దగ్గరుంటాడు, కాబట్టి ఆ రాత్రి మాత్రం కోడీ పిల్లలూ వెన్నెల్లో వెలవెలబోతాయి. పుష్యం, మాఘం అమావాస్య రోజులు మేలు.

ధ్రువనక్షత్రం వెతకాలంటే ఉత్తరానికి తిరిగి చేయి చాపి పిడికిలి పట్టండి. ఒక పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. మన శ్రీకాకుళం, విజయనగరం రెండూ 18 డిగ్రీల అక్షాంశం చుట్టుపక్కలే, కాబట్టి అది నేలకి దాదాపు రెండు పిడికిళ్ల ఎత్తులోనే ఉంటుంది. ఉద్దానంలో అయితే కొబ్బరి తోటల వెనకే దాక్కుంటుంది.

చీకటి సంగతికొస్తే, టౌన్లో వీధిలైట్లు సగం ఆకాశాన్ని తినేస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వెళ్లాక కరెంటు లేని రాత్రుల్లో పలాస వైపు వెళ్లాను. అప్పుడే అమావాస్య దాటింది. నీళ్ల కోసం నిలబడిన లైను మీదుగా పాలపుంత బారునా పరుచుకుని ఉంది. చూడబుద్ధి కాలేదు, చూడకుండా ఉండలేకపోయాను. అలాంటి కష్టం రాకుండానే ఆ చీకటి కావాలంటే కళింగపట్నం, బారువ లాంటి తీరాల్లో ఊరి లైట్లకి వీపు పెట్టి సముద్రం వైపు తిరగండి.

పగలు ఈ గొట్టానికి ఇంకో పని ఉంది. చలికాలంలో టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్ల మీద గూళ్లు పెట్టుకుంటాయి. 18 రెట్లతో గూట్లో పిల్లల నోళ్లు కూడా కనిపిస్తాయి. ఎండ ఏ వైపుందో మాత్రం మర్చిపోకండి.

మైక్రోస్కోపు: ఉల్లిపొరతో మొదలు

వానాకాలంలో ఆకాశం మూసుకుపోతే రెండో సగం పెట్టె విప్పండి. దీనికి తిథితో పని లేదు. కింద అద్దమున్న రకమైతే కిటికీ వెలుగు వైపు తిప్పండి, ఎండ వైపు తిప్పకండి. అరసవల్లి మాట ఇక్కడా వర్తిస్తుంది.

ఉల్లిపాయని నిలువునా కోసి ఒక పొర విడదీయండి. లోపలి వంపు వైపు పల్చటి పారదర్శకమైన పొర ఉంటుంది, గోటితో లాగితే సెల్లోటేపులా వస్తుంది. చిటికెన వేలి గోరంత చాలు. స్లైడు అనే గాజు పలక మీద నీటి చుక్క, అందులో ముడతలు లేకుండా పొర. టించర్ అయోడిన్ ఒక్క చుక్క వేసి రెండు మూడు నిమిషాలు ఆగండి. తర్వాత కవర్ స్లిప్ (పైన కప్పే పల్చటి బిళ్ల) ఒక అంచు ముందు ఆనించి, సూదితో పట్టి మెల్లగా వాల్చండి. ఒక్కసారిగా వదిలితే గాలి బుడగలు ఇరుక్కుంటాయి. నల్లటి దళసరి అంచుతో గుండ్రంగా కనిపించేవి ఆ బుడగలే. పిల్లలు ‘కణం, కణం’ అని కేకలేసేది వాటిని చూసే. అసలు కణాలు ఇటుక గోడలా వరసగా ఉంటాయి, ఒక్కోదాంట్లో పసుపు గోధుమ రంగు చుక్క ఉంటుంది. అది కేంద్రకం.

ఫోకస్ చేసే తీరు ముఖ్యం. పక్క నుంచి చూస్తూ లెన్సుని స్లైడుకి తగిలీ తగలనట్టు దించండి. అప్పుడు కన్ను పెట్టి పైకి మాత్రమే తిప్పుకుంటూ రండి. కన్ను పెట్టి కిందకి తిప్పితే ఫెళ్లుమంటుంది. పెట్టెతో వచ్చిన ఆరు స్లైడుల్లో రెండు మాకు అలాగే పోయాయి, ఒకటి నా చేతిలో.

ఉల్లిపొర అయ్యాక మన చుట్టూ ఉన్నవి చాలు. పొందూరు ఖాదీ పంచె అంచు నుంచి ఒక పోగు లాగండి. కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి వడికిన నూలు అది. పక్కన పాలిస్టర్ చొక్కా దారం పెట్టండి. పత్తి పీచు మెలితిరిగిన రిబ్బనులా ఉంటుంది, పాలిస్టర్ గాజు కడ్డీలా నున్నగా ఉంటుంది. ఎండాకాలం ఏది వేసుకుంటే ఒళ్లు చల్లగా ఉంటుందో మీరు చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత సముద్రపు ఇసుక. దీనికి కింది నుంచి వెలుగొస్తే అన్నీ నల్లగా కనిపిస్తాయి, కాబట్టి ఫోన్ టార్చి పక్క నుంచి పైన పడేలా పట్టుకోండి. అన్నిటికంటే చిన్న పవరు పెట్టండి. మన తీరంలో అలలు వదిలిన నల్లటి చారల్లోంచి చిటికెడు తెస్తే, నల్లగా మెరిసేవి ఇల్మెనైటు, దానిమ్మ గింజల్లా ఎర్రగా ఉండేవి గార్నెట్, గాజు ముక్కల్లా ఉండేవి మామూలు ఇసుక రేణువులు. మా చిన్నది ఎర్ర గింజల్ని అగ్గిపుల్ల కొనకి నీళ్లద్ది ఒక్కొక్కటే ఏరి అగ్గిపెట్టెలో దాచింది, కెంపులట. నేను దిద్దలేదు. నౌపడ ఉప్పు చూస్తే మూలలు సరిగ్గా ఉన్న ఘనాలు దొరుకుతాయి, కొన్ని అరిగిపోయి ఉంటాయి.

చెరువు నీరు చివర చూపించండి, ఎందుకంటే దాని తర్వాత ఇంకేదీ ఆనదు. సీసాలో చెరువు నీళ్లు, గుప్పెడు ఎండుగడ్డి వేసి మూత వదులుగా పెట్టి నాలుగు రోజులు వదిలేయండి. కంపు కొడుతుంది, ఆవకాయ జాడీల పక్కన పెడితే ఇంట్లో ఎవరేమంటారో మీకే తెలుసు. పైన తేలే పొర నుంచి చుక్క తీస్తే చెప్పు అడుగు ఆకారంలో పరమీషియంలనే ఒంటికణం జీవులు పరుగెడుతుంటాయి. కంటికి అందవు. దూది నుంచి నాలుగు పీచులు తెంపి చుక్కలో వేస్తే వాటి మధ్య ఇరుక్కుని నెమ్మదిస్తాయి. నాచు దారం దొరికితే లోపల పచ్చటి రిబ్బను చుట్టలు చుట్టుకుని ఉంటుంది, అదే బడి పుస్తకంలోని స్పైరోగైరా. అయిపోయాక చేతులు సబ్బుతో కడిగించండి. రక్తం చూస్తామని వేళ్లు పొడుచుకోనివ్వకండి. చచ్చిన దోమ రెక్క చాలు, దాని అంచున చేప పొలుసుల్లాంటివి వరసగా ఉంటాయి. అలాంటి దోమల కడుపులు కోసి కోసి చూసే, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో మలేరియా క్రిమిని దోమలో పట్టుకున్నాడు. ఏజెన్సీ జ్వరాల కథలు విని పెరిగిన మన పిల్లలకి ఇది చెప్పి తీరాలి.

దాచిపెట్టేటప్పుడు

సముద్రపు గాలికి, చెమ్మకి లెన్సు లోపల బూజు సాలెగూడులా పడుతుంది, పడితే పోదు. కొత్త చెప్పుల పెట్టెల్లో, బ్యాగుల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా మూత గట్టిగా పట్టే డబ్బాలో లెన్సులతో పాటు వేయండి. లెన్సుని లుంగీ కొంగుతో తుడవకండి. ముందు దుమ్ము ఊదే రబ్బరు బుడ్డితో ఊది, తర్వాత కళ్లజోళ్ల గుడ్డతో మెల్లగా తుడవండి. తీరం నుంచి వచ్చిన రోజు గొట్టాన్ని బయట నుంచి తడి గుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి, ఉప్పు మరల్ని తినేస్తుంది.

మైక్రోస్కోపు అడుగున బల్బుకి రెండు పెన్సిల్ బ్యాటరీలుంటాయి. పిల్లలు ఊరెళ్లిన రోజే అవి తీసేయండి. మేం తీయలేదు. దసరాకి తెరిచేసరికి బ్యాటరీలు కారి స్ప్రింగుల మీద తెల్లగా పెచ్చు కట్టింది. దూదికి నిమ్మరసం అద్ది రెండుసార్లు తుడిచి, ఆరాక కొత్తవి వేస్తే బల్బు వెలిగింది. అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ ఒక ముక్కపురుగుని తెచ్చి, ‘దీన్ని పెట్టి సూడరా’ అంది.